నిండిన యార్డు, నిలిచిన బండి

1980–81లో భారతీయ రైల్వేల చేతిలో ఉన్న సరుకు వ్యాగన్లు 4 లక్షల పైచిలుకు. ఆ ఏడాది అవి మోసిన సరుకు సుమారు 19.6 కోట్ల టన్నులు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 2000–01లో, వ్యాగన్లు 2 లక్షల 22 వేలకు దిగాయి. సరుకేమో 47 కోట్ల టన్నులు దాటింది. బళ్లు దాదాపు సగమయ్యాయి, బరువు రెట్టింపును మించింది.

ఇదెలా కుదిరింది? సగం జవాబు తేలికే. పాత నాలుగు చక్రాల బళ్లు రెండున్నర కలిసి చేసే పనిని కొత్త ఎనిమిది చక్రాల బండి ఒక్కటే చేస్తుంది. మిగతా సగం జవాబు యార్డులో ఉంది. రకరకాల వ్యాగన్లతో కిటకిటలాడే యార్డును చూస్తే రైల్వే జోరుగా నడుస్తోందనిపిస్తుంది. నిజానికి యార్డు ఎంత నిండితే బండి అంత నిలిచిపోయినట్టు. పాత యార్డుల ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ ఫొటోల్లో కనిపించే వ్యాగన్లలో ఎక్కువ భాగం ఆ రోజు ఎక్కడికీ కదలడం లేదన్న సంగతి మాత్రం ఫొటో చెప్పదు.

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, గౌడవెల్లి, గుండ్లపోచంపల్లి, బొల్లారం వైపు ఇప్పుడు యాభై దాటినవాళ్లు చిన్నప్పుడు చూసిన గూడ్సు బండి వేరు. అది మీటర్ గేజ్ బండి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చిన నిజాం రైలు మార్గం బ్రాడ్ గేజ్. రెండు పట్టాల నడుమ 1,676 మిల్లీమీటర్లు. పాతికేళ్ల తర్వాత సికింద్రాబాద్ నుంచి బొల్లారం, మేడ్చల్, నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా వేసిన హైదరాబాద్–గోదావరీ లోయ రైల్వేను మీటర్ గేజ్‌లో కట్టారు. నడుమ 1,000 మిల్లీమీటర్లే. 1899–1901 మధ్య ఆ దారి తెరుచుకుంది. సన్న గేజ్‌కు కట్టలు, వంతెనలు, వంపులు అన్నీ చవక. వలస ప్రభుత్వం 1870 ప్రాంతంలోనే ఈ పొదుపు దారి పట్టింది, సంస్థానాలు కూడా అదే బాట నడిచాయి.

ఆ పొదుపు ఖర్చంతా రెండు గేజ్‌లు కలిసే చోట బయటపడేది. సికింద్రాబాద్‌లో మీటర్ గేజ్ వ్యాగన్ బ్రాడ్ గేజ్ పట్టాల మీదికి ఎక్కలేదు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన బియ్యం బస్తా బెజవాడ వైపు పోవాలంటే ఒక పెట్టెలోంచి దిగి, హమాలీ వీపు మీదుగా, ఇంకో పెట్టెలోకి ఎక్కాలి. ఇనుప కొక్కెం గుచ్చుకున్న ప్రతి చోటా బస్తాకు ఒక చిల్లు. ఒక మీటర్ గేజ్ పెట్టెలోంచి దిగిన సరుకు ఒక బ్రాడ్ గేజ్ పెట్టెకు సరిగ్గా సరిపోదు కాబట్టి, ఎదురుగా రెండో పెట్టె వచ్చేదాకా సగం నిండిన బండి అక్కడే పడి ఉండేది. దేశమంతా ఒకే గేజ్ చేయాలని రైల్వే 1992లో పట్టుబట్టడానికి ఉన్న బలమైన కారణాల్లో ఈ దింపుడు ఎక్కుడు ఒకటి. ఈ మన్మాడ్ దారి కూడా ఆ మార్పులో బ్రాడ్ గేజ్ అయింది. 2023 ఏప్రిల్ 8 నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ కరెంటు రైలు నడుస్తోంది.

అప్పటి గూడ్సు యార్డులో ఏమేం కనిపించేవి? అన్నిటికన్నా ఎక్కువ నాలుగు చక్రాల కవర్డ్ వ్యాగన్లు, ఇటుక రంగులో, రెండు వైపులా ఇనుప తలుపులతో. బియ్యం, చక్కెర, సిమెంటు, ఎరువు, ఉప్పు, ఏదైనా అందులోకే. వాటి పక్కన బొగ్గుకూ కంకరకూ మూతలేని తొట్టి వ్యాగన్లు. గాలి ఆడే సందులున్న పశువుల వ్యాగన్లు. పేలుడు పదార్థాలకు ప్రత్యేకమైన మూసిన పెట్టెలు. వీపు మీద బొడిపె లాంటి డోమ్‌తో గుండ్రటి ఆయిల్ ట్యాంకర్లు. బొల్లారం లాంటి కంటోన్మెంటు ఉన్న చోట మిలిటరీ ట్రక్కులెక్కే చదును వ్యాగన్లు. చిట్టచివర, వరండా ఉన్న చిన్న గది మాదిరి గార్డు బ్రేక్ వ్యాను.

ట్యాంకర్ మీది ఆ బొడిపె అలంకారం కాదు. పెట్రోలు ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యింట ఒక వంతుకు కాస్త తక్కువగా ఉబ్బుతుంది. ఇప్పటి ఎనిమిది చక్రాల ట్యాంకర్ 70 వేల లీటర్లు పడుతుంది. తెల్లవారుజామున నింపిన సరుకు మధ్యాహ్నానికి 20 డిగ్రీలు వేడెక్కితే 1,300 లీటర్ల పైగా పెరుగుతుంది. అంత వేడి ఒక్కపూటలో లోపలికి దిగదు గానీ, రోజుల తరబడి ఎండలో యార్డులో నిలబడ్డ బండికి అది దూరపు మాటేం కాదు. పెరిగిన ద్రవానికి చోటు కావాలి, లేకపోతే రేకు చిట్లుతుంది. అందుకని పాత ట్యాంకర్లకు పైన డోమ్ పెట్టి ఆ ఖాళీ ఉంచేవారు. ఇప్పుడు ట్యాంకులోనే పైన కొంత ఖాళీ వదిలి నింపుతారు.

రంగు వెలిసిన ఒక వ్యాగన్‌ను చూపించి దాని కాలం చెప్పమంటే మూడు చోట్ల చూస్తే సరిపోతుంది: చక్రం దగ్గర, కొస దగ్గర, అడుగున పోయే పైపు దగ్గర.

చక్రంతో మొదలుపెడదాం. రైలు చక్రం పూర్తిగా చదునుగా ఉండదు. లోపలి అంచు వైపు కాస్త లావు, బయటికి పోయేకొద్దీ సన్నం. వాలు దాదాపు ఇరవైకి ఒకటి. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, కాబట్టి కారులోలా వంపులో ఒకటి వేగంగా, ఒకటి మెల్లగా తిరగడం కుదరదు. మూతి వెడల్పు, అడుగు సన్నం ఉన్న ఇత్తడి గ్లాసును నేల మీద దొర్లిస్తే అది తిన్నగా పోకుండా గుండ్రంగా తిరుగుతుంది కదా. చక్రంలోని వాలు చేసే పని సరిగ్గా అదే. వంపులో ఇరుసు బయటి వైపుకు జరుగుతుంది, బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లుతాయి, బండి తనంతట తాను మలుపు తిరుగుతుంది. అంచు పట్టాకు రాసుకోవాల్సిన పని మామూలు వంపుల్లో పెద్దగా ఉండదు.

ఈ తెలివికి ఒక మూల్యం ఉంది. తిన్నని దారిలో కూడా ఇరుసు ఇటు జరిగి అటు సర్దుకుంటూ పాములా ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. నాలుగు చక్రాల బండిలో రెండు ఇరుసులూ నేరుగా పెట్టె అడుగుకే కట్టి ఉంటాయి. ఊపంతా పెట్టెకు చేరుతుంది. అందులోనూ ఖాళీ బండి ప్రమాదం. చక్రాన్ని పట్టా మీద అదిమి ఉంచేది బరువే. బరువు లేనప్పుడు పక్కకు నెట్టే బలం గెలిచి అంచు పట్టా మీదికి పాకుతుంది. పట్టాలు తప్పే వ్యాగన్లలో ఖాళీవి అంతగా కనిపించడానికి కారణం ఇది. ఎనిమిది చక్రాల బండిలో ముందు రెండు ఇరుసులు ఒక బోగీ మీద, వెనక రెండు మరో బోగీ మీద ఉంటాయి. పెట్టె వాటి మధ్యలో పెద్ద కుదురు మీద కూర్చుంటుంది. బోగీ పట్టాల వెంట తిరుగుతుంది, పెట్టె తన బరువుతో నెమ్మదిగా వెంటవస్తుంది. ఇప్పటి కాస్నబ్ బోగీల్లో స్ప్రింగుల పక్కన ఉక్కు వెడ్జులు ఉంటాయి. వాటి రాపిడి ఊపును తినేస్తుంది.

ఇరుసు కొసల్లో బేరింగు ఉంటుంది. పాత బండిలో ఇరుసు కొస మీద అర్ధచంద్రాకారపు ఇత్తడి దిమ్మ కూర్చునేది, అడుగున డబ్బాలో నూనెలో నానిన కాటన్ వేస్టు కుక్కేవారు. ఇరుసు తిరిగితే నూనె పైకి పాకి, లోహానికీ లోహానికీ మధ్య సన్నని పొర కడుతుంది. బండి ఆగితే బరువుకు ఆ పొర నలిగి పోతుంది. అందుకే పాత గూడ్సును కదిలించడం నడిపించడం కన్నా చాలా కష్టం. నూనె ఎండిపోయినా, దుమ్ము చేరినా ఇరుసు కాలిపోతుంది. స్టేషన్‌లోకి బండి రాగానే ఖలాసీలు పక్కన నడుస్తూ ఇరుసు డబ్బాలను చేత్తో తాకి చూసేవారు, అరచేత్తో కాకుండా చేతి వెనక వైపుతో. వేడెక్కిన బండికి రైలు పరిభాషలో జబ్బు చేసినట్టే: ట్రెయిన్ ఎగ్జామినర్ ‘సిక్’ చీటీ అంటిస్తాడు, దాన్ని విడదీసి సిక్ లైనులోకి తోస్తారు. దానితో పాటు అందులోని సరుకు కూడా పడకేస్తుంది. ఇప్పటి రోలర్ బేరింగులు మూతబడి ఉంటాయి, నూనె కుక్కాల్సిన అవసరం లేదు. హాట్ యాక్సిల్ అనే మాట పూర్తిగా పోలేదు గానీ, పూటకోసారి వినపడే రోజులైతే పోయాయి.

ఇక కొస. పాత వ్యాగన్‌కు రెండు మూలలా రెండు బఫర్లు, మధ్యలో కొక్కెం, దానికి వేలాడే స్క్రూ కప్లింగు. రెండు బళ్లను కలపాలంటే పాయింట్స్‌మన్ వంగి బఫర్ల మధ్యలోకి దూరాలి, గొలుసును ఎదుటి కొక్కేనికి తగిలించి మర తిప్పి బిగించాలి. తలకు రెండు వైపులా టన్నుల బరువు కదలడానికి సిద్ధంగా ఉంటుంది. చీకట్లో, వానలో, ఇంజను డ్రైవరు చేతి లాంతరు సైగను సరిగా చూశాడో లేదో తెలియని స్థితిలో చేసే పని అది. రైలు ఉద్యోగాల్లో ఇంత ప్రమాదకరమైనవి తక్కువ; దీనికి తగ్గ గుర్తింపు ఆ మనుషులకు ఎప్పుడూ రాలేదనే నా అభిప్రాయం. పైగా స్క్రూ కప్లింగుకు ఓర్పు పరిమితం. వెనక వేల టన్నులు తగిలిస్తే కొక్కెం తెగుతుంది. కొత్త బళ్లకు మధ్యలో ఒకే పిడికిలి, సెంటర్ బఫర్ కప్లర్. రెండు బళ్లు తాకితే చాలు, వాటంతట అవే పట్టుకుంటాయి. లాగడం, నెట్టడం రెండూ దాని మీదే. విడదీయడానికి పక్కన ఒక కడ్డీ ఎత్తితే సరి.

కప్లింగుల మధ్య కాస్త వదులు వదలడానికీ కారణం ఉంది. యాభై బళ్లను ఒకేసారి కదిలించడం ఇంజను వల్ల కాకపోవచ్చు. వదులు ఉంటే మొదటి బండి కదిలాకే రెండోది, రెండోది కదిలాకే మూడోది. గూడ్సు బయల్దేరేటప్పుడు టకటకమంటూ చప్పుడు ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా పరిగెత్తేది అందుకే. చివరి బండికి ఆ కుదుపు చేరేసరికి ఇంజను ముందుకు సాగిపోయి ఉంటుంది, అందుకని గార్డు ఆ చప్పుడు వినగానే ఏదో ఒకటి గట్టిగా పట్టుకునేవాడు.

మూడోది అడుగు పైపు, అంటే బ్రేకు. పాత బళ్లవి వాక్యూమ్ బ్రేకులు. ఇంజను బండి పొడవునా పైపులోంచి గాలిని లాగేసి, పాదరసపు లెక్కలో 53 సెంటీమీటర్ల శూన్యం నిలుపుతుంది. అలా ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. పైపులోకి గాలి వదిలితే, బయటి గాలి పిస్టన్‌ను తోసి బ్రేకు వేస్తుంది. బండి మధ్యలో తెగిపోయినా పైపు తెగి గాలి చొరబడి రెండు ముక్కలూ ఆగిపోతాయి, ఆలోచన చక్కనిదే. చిక్కు బలంలో ఉంది. ఎంత గాలి లాగేసినా, బయటి గాలి ఇచ్చే తోపు కన్నా ఎక్కువ రాదు. 53 సెంటీమీటర్ల శూన్యానికి దక్కేది చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోల పైచిలుకు. దానికే లావుపాటి సిలిండర్లు కావాలి. ఎయిర్ బ్రేకులో పైపును గాలితో 5 కిలోల ఒత్తిడికి నింపి ఉంచుతారు. ఒత్తిడి తగ్గగానే ప్రతి వ్యాగన్ తన సొంత గాలి సీసాలోంచి సిలిండర్‌కు 3.8 కిలోలు పంపుకుంటుంది. అంటే ఐదు రెట్ల బలం. వాక్యూమ్ బండిలో ముందు వేసిన బ్రేకు వెనకకు పాకడానికి చాలా సెకన్లు పట్టేది; ఆ లోపు వెనక బళ్లు ముందు బళ్లను గుద్దుకుంటూ వచ్చేవి. బండి పొడవును కట్టేసిన అసలు తాడు ఇంజను శక్తి కాదు, ఈ పైపే.

ఈ మూడింటినీ కలిపి పుట్టించింది బాక్స్‌ఎన్ అనే వ్యాగన్. రైల్వే వాడే పేర్లలో ముందు బి అంటే బోగీ బండి, ఓ అంటే మూతలేనిది, సి అంటే మూత ఉన్నది, టి అంటే ట్యాంకు, చివరి ఎన్ అంటే ఎయిర్ బ్రేకు. 1960లలో వచ్చిన బాక్స్ అనే ఎనిమిది చక్రాల బండి పొడవు 13.7 మీటర్లు, మోసేది 55 టన్నుల ప్రాంతం. 1980ల మొదట్లో వచ్చిన బాక్స్‌ఎన్ పొడవు 10.7 మీటర్లు, అదే మొత్తం బరువు, 58 టన్నుల పైచిలుకు సరుకు. మూడు మీటర్లు తగ్గించడంలో ఇంజనీర్లు ఏమి సాధించారన్న ప్రశ్నకు జవాబు వ్యాగన్‌లో దొరకదు, స్టేషన్‌లో దొరుకుతుంది. మెయిలు బండికి దారిచ్చి గూడ్సు పక్కకు నిలబడే లూప్ లైను ప్రామాణిక పొడవు 686 మీటర్లు. ఇంజన్లకూ గార్డు వ్యానుకూ చోటు పోగా వ్యాగన్లకు మిగిలేది 620 మీటర్ల చిల్లర. అందులో పాత బాక్స్‌లు 45 పడితే, బాక్స్‌ఎన్‌లు 58 పడతాయి. లెక్క వేయండి: 2,475 టన్నులకు బదులు 3,364 టన్నులు. ఒక్క మీటరు కొత్త పట్టా వేయకుండా, ఒక్క స్టేషన్ పొడిగించకుండా మూడో వంతు ఎక్కువ బొగ్గు. భారతీయ రైల్వేల్లో జరిగిన మంచి ఇంజనీరింగ్ పనుల్లో దీన్ని పైవరసలో పెడతాను. తర్వాత వచ్చిన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుతో ఇంకా తేలికైంది: ఖాళీ బరువు 20.6 టన్నులు, పట్టాలు బలపడ్డాక సరుకు 70 టన్నుల పైన. పాత నాలుగు చక్రాల పెట్టె తన పది టన్నుల పైచిలుకు బరువుకు రెండింతలు మోసేది. ఇది మూడింతలు దాటి మోస్తుంది.

ఇంతా చేసి, బండి మారినా పద్ధతి మారకపోతే లాభం లేదు. పాత పద్ధతిలో ఒక వర్తకుడు ఒకే ఒక్క వ్యాగన్ అడగవచ్చు. దాన్ని చిన్న స్టేషన్ గూడ్స్ షెడ్డులో నింపి, తలుపుకు సీలు వేసి, పక్కన ఊరి పేర్లున్న లేబుల్ కార్డు తగిలించి ఉంచుతారు. అన్ని స్టేషన్లలో ఆగే గూడ్సు వచ్చి దాన్ని తీసుకుపోయి పెద్ద యార్డులో వదులుతుంది. అక్కడ దిక్కుల వారీగా విడదీస్తారు. ట్రెయిన్స్ క్లర్కు నోటు పుస్తకం పట్టుకుని లైను వెంట నడుస్తూ ఒక్కో నంబరూ రాసుకుంటాడు. మొఘల్‌సరాయ్ లాంటి మహా యార్డుల్లో దిబ్బ కట్టి, దాని మీదికి బళ్లను నెట్టి, అవతలి వాలులో ఒక్కొక్కటిగా జారవిడిచేవారు; కింద పాయింట్లు మార్చి ఒక్కో బండినీ దాని లైనులోకి పంపేవారు. నిండు బండి, ఖాళీ బండి, నూనె ఉన్న బేరింగు, ఎండిన బేరింగు, ఒక్కోటి ఒక్కో వేగంతో దొర్లుతుంది. వేగం అంచనా తప్పితే గుద్దుకుంటాయి. ట్యాంకర్ల మీద లూజ్ షంటింగ్ (ఇలా నెట్టి వదిలేయడం) చేయరాదని రాసి ఉండేది అందుకే.

ఒకే దిక్కుకు తగినన్ని బళ్లు కూడేదాకా బండి బయల్దేరదు. తర్వాతి యార్డులో మళ్లీ ఇదే తంతు. 1980–81లో ఒక బ్రాడ్ గేజ్ వ్యాగన్ ఒకసారి నిండినప్పటి నుంచి మళ్లీ నిండేదాకా సగటున 15.2 రోజులు పట్టేది. సగటున రోజుకు అది తిరిగే దూరం 75 కిలోమీటర్లు కూడా లేదు. గూడ్సు సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లనుకున్నా, రోజులో కదిలేది మూడు నాలుగు గంటలు; తక్కిన ఇరవై గంటలు నిలబడటమే. మన జ్ఞాపకాల్లోని రంగురంగుల యార్డు ఆ ఇరవై గంటల చిత్రం.

1980ల మొదట్లో రైల్వే బోర్డు ఛైర్మన్‌గా ఉన్న ఎం.ఎస్. గుజ్రాల్ దీనికి కత్తెర వేశారు. చిల్లర వ్యాగన్లు తగ్గించి, నిండు రైలును ఒకే చోట నింపి, దారిలో ఎక్కడా విడదీయకుండా ఒకే చోట ఖాళీ చేయడమనే పద్ధతికి బలమిచ్చారు. పాత వ్యాగన్లను తుక్కు కింద తీసేశారు. 2000–01 నాటికి 15.2 రోజులు 7.5 అయ్యాయి. వ్యాగన్లు సగమయ్యి సరుకు రెట్టింపైన మాయ ఇక్కడ తీరింది. అప్పుడు విమర్శలూ వచ్చాయి, చిల్లర వర్తకుణ్ని రైల్వే వదిలేసిందని. ఆ విమర్శలో నిజం ఉంది.

విడదీసే పని పోయాక దేశంలోని మహా యార్డులు ఒక్కొక్కటిగా వెలవెలబోయాయి. హైదరాబాద్ చుట్టూ కూడా గూడ్సు ఇప్పుడు తెగకుండా సాగిపోయే వస్తువు. సికింద్రాబాద్ రద్దీ తప్పించుకుని మౌలాలి–సనత్‌నగర్ లైను మీదుగా ఒకే రకం పెట్టెల బారు వెళ్తుంది. చర్లపల్లి ఆయిల్ డిపోలకు ట్యాంకర్ల బారు, సనత్‌నగర్ డిపోకు కంటెయినర్ల బారు. ఒకే సర్క్యూట్‌లో తిరిగే రేకులను, అంటే విడదీయని వ్యాగన్ల బారులను, 7,500 కిలోమీటర్లకు ఒకసారి లోతుగా పరీక్షిస్తారు. మధ్యలో ఏ బండినీ తీయరు, కలపరు. పిల్లలు లెక్కపెట్టుకోవడానికి తప్ప ఆ బారులో తేడా వెతికే పని లేదు. గార్డు పేరు 2022లో ట్రెయిన్ మేనేజర్ అయింది. కొన్ని బళ్లలో చివరి వ్యాను కూడా పోయి, దాని చోట తోక చివర ఒక చిన్న యంత్రం ఇంజనుకు కబురు పంపుతోంది.

క్లర్కు నోటు పుస్తకం పని ఇప్పుడు కంప్యూటరుది, నంబరులోనే దాని కాపలా ఉంది. 2003లో వచ్చిన పద్ధతిలో ప్రతి వ్యాగన్‌కూ 11 అంకెలు: మొదటి రెండు రకం, తర్వాతి రెండు ఏ రైల్వేది, ఆపై రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు వరస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. ఉదాహరణకు ఒక ఊహా సంఖ్య తీసుకుందాం: 10 09 88 1234. పది ఉంటే మూతలేని బళ్ల వర్గం, 09 దక్షిణ మధ్య రైల్వే, 88 అంటే 1988. సరి స్థానాల్లోని అంకెలు 0, 9, 8, 2, 4 కూడితే 23. దాన్ని మూడుతో హెచ్చిస్తే 69. బేసి స్థానాల్లో 1, 0, 8, 1, 3 కూడితే 13. మొత్తం 82. పైనున్న పదుల సంఖ్య 90 చేరడానికి కావలసింది 8. అదే పదకొండో అంకె. మసిబారిన 3ను ఎవరైనా 8గా చదివితే మొత్తం 87 అవుతుంది, తనిఖీ అంకె 3 రావాలి, కంప్యూటరు ఒప్పుకోదు. ఒక అంకె తప్పితే ఎప్పుడూ దొరుకుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే దాదాపుగా దొరుకుతుంది. ఆ రెంటి తేడా సరిగ్గా 5 అయితే మాత్రం తప్పించుకుంటుంది. సబ్బు కవరు మీది బార్‌కోడ్ చివరి అంకె వెనక ఉన్నదీ ఇదే లెక్క.

మరి ఆ ఒక్క వ్యాగన్ వర్తకుడు ఎటు పోయాడు? గండిమైసమ్మ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. మేడ్చల్ నుంచి మియాపూర్ వైపు, నర్సాపూర్ నుంచి బాలానగర్ వైపు పోయే దారులు అక్కడ కలుస్తాయి. దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు. మందులు, టైల్సు, పశువుల దాణా, పప్పులు, ఫ్రిజ్‌లు, అన్నీ లారీలోనే. తూర్పున కొద్ది కిలోమీటర్లలో పట్టాలు పోతున్నా, ఈ సరుకులో దేనికీ రైలు నిండదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు రవాణాలో 80 శాతం పైగా రైలుదే. ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లడానికి కావలసిన బలం రోడ్డు మీది రబ్బరు టైరుకు కావలసిన దానిలో చిన్న భాగమే. టన్నును కిలోమీటరు మోయడానికి రైలుకు అయ్యే ఇంధనం లారీ కన్నా ఎంతో తక్కువ. భౌతికశాస్త్రం రైలు వైపు ఉన్నా, సరుకు చిన్నదైతే లెక్క లారీ వైపు మొగ్గుతుంది: ఇంటి ముందు నుంచి ఇంటి ముందు దాకా, రేపటికల్లా.

రైల్వే ఆ చిల్లర సరుకును మళ్లీ పిలవడానికి దారులు వెతుకుతూనే ఉంది. 2021 చివర్లో గతిశక్తి కార్గో టెర్మినళ్ల విధానం తెచ్చింది, వ్యాపారులే తమ స్థలాల్లో టెర్మినల్ కట్టుకోవచ్చని. కాజీపేటలో వ్యాగన్లు తయారుచేసే కర్మాగారానికి 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. మేడ్చల్ దాటాక మనోహరాబాద్ దగ్గర చీలి కొత్తపల్లి వైపు పోయే కొత్త లైను మీద గజ్వేల్ దాకా బండి వచ్చింది, 2022లో అక్కడికి ఎరువుల రేకు కూడా చేరింది. రైతుకు అది మంచి వార్తే. కానీ దిగేది ఒక్క పెట్టె కాదు. 42 కవర్డ్ వ్యాగన్ల రేకు అంటే సుమారు 2,600 టన్నులు. 45 కిలోల యూరియా బస్తాల్లో చెబితే 58 వేల చేరువ, 20 టన్నుల లారీల్లో చెబితే 130. ఇచ్చిన గంటల్లోపు హమాలీలు అదంతా దింపాలి, దాటితే డెమరేజ్ (ఆలస్యపు రుసుము) మీటరు తిరగడం మొదలవుతుంది. ఒక ఊరి సహకార సంఘం ఒకసారికి దించుకునేది అందులో ఒక లారీ, మహా అయితే రెండు.